పగలు శాలువాలు, రాత్రి పుకార్లు

2020 మే 3, ఆదివారం. సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి మీద వాయుసేన హెలికాప్టర్ తిరిగింది. ఆవరణలో నిలబడ్డ డాక్టర్లు, నర్సులు, పారిశుద్ధ్య సిబ్బంది మీద పూలరేకులు రాలాయి. అప్పటికి తెలంగాణలో కరోనా చికిత్సకు గాంధీయే ప్రధాన ఆస్పత్రి. టీవీల్లో రోజంతా అదే దృశ్యం చూపించారు. నెల దాటిందో లేదో, జూన్ రెండో వారంలో అక్కడి జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. చనిపోయిన రోగి బంధువులు తమలో ఒకరి మీద చేయి చేసుకున్నారని, తమకు రక్షణ ఏదని అడిగారు. జూలైలో ఔట్‌సోర్సింగ్ నర్సులు జీతం, ఉద్యోగ భద్రత కోసం విధులు బహిష్కరించారు.

పూలు చల్లడం తప్పని ఎవరూ అనలేదు. కాకపోతే అంత ఎత్తు నుంచి చల్లినవాళ్లకి కింద ఎవరెవరున్నారో, ఏ వార్డులో ఎవరేం చేశారో తెలిసే వీల్లేదు.

మీరు ఏరియా ఆస్పత్రి సూపరింటెండెంటో, జిల్లా ఆస్పత్రిలో ఆర్‌ఎంఓనో, నర్సింగ్ సూపరింటెండెంటో, ఒక వార్డుకి హెడ్ నర్సో అయితే మీకు ఆ వీలుంది. జీతాలు పెంచడం మీ చేతిలో లేదు. ఖాళీలు నింపడం అసలే లేదు. మరి ఏముంది? ఎవరు ఏం చేశారో గమనించి నలుగురికీ చెప్పడం ఉంది. ఆస్పత్రిలో ఏం జరగబోతోందో పనిచేసేవాళ్లకి ముందుగా చెప్పడం ఉంది. వీటికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒకదానికి సన్మానసభ అని, రెండోదానికి సర్క్యులర్ అని పేరుపెట్టి వేర్వేరు ఫైళ్లలో పడేయడం వల్లే రెండూ చెడుతున్నాయి. నైట్ డ్యూటీ ఆయా దగ్గరికి వెళ్లి మాట్లాడే అలవాటున్న అధికారికి రెండూ ఒకేసారి వస్తాయి.

ముందు మనకందరికీ తెలిసిన తంతు సంగతి చూద్దాం. ఆగస్టు 15 దగ్గరపడుతుంది. ఉత్తమ ఉద్యోగుల పేర్లు పంపమని కలెక్టరేట్ నుంచి కబురొస్తుంది, అదీ సాయంత్రంలోగా. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కిందటేడాది ఫైలు తీస్తారు. వీళ్లకి అయిపోయింది, వాళ్లకి ఈసారి ఇద్దాం, ఫలానా ఆయన అడుగుతున్నాడు, ఈవిడ వచ్చే ఏడు రిటైర్ అవుతోంది అనుకుంటారు. జాబితా తయారు. పెరేడ్ గ్రౌండ్‌లో ప్రశంసాపత్రం, ఫోటో, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త. ఎందుకిచ్చారని ఆ ఉద్యోగినే అడిగి చూడండి. "మా సార్ పేరు పంపారండీ" అంటారు. చేసిన పని ఒక్కటైనా ఆ కాగితం మీద ఉంటుందా? వంతులవారీగా ఇచ్చేదాని విలువ ఎంతో ఆస్పత్రిలో అందరికీ తెలుసు, తీసుకున్నవారికి మరీ బాగా తెలుసు.

ఈ తంతును మీరు ఆపలేరు, ఆపాల్సిన పని కూడా లేదు. దాని పక్కనే ఇంకోటి మొదలుపెట్టొచ్చు.

1. జీతం ఆగిన నెలలో సభ పెట్టకండి

ఏజెన్సీ కింద పనిచేసే పారిశుద్ధ్య, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ సిబ్బందికి జీతం పడలేదనుకోండి. ఆ వారంలో మీరు శాలువా కప్పితే ఏమవుతుంది? శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుంటారు, ఇంటికెళ్లి మిమ్మల్ని తిట్టుకుంటారు. ఆ నెలకి వాళ్లకి కావలసిన గుర్తింపు ఒక సమాచారం: బిల్లు ఎక్కడుంది? మీ ఆఫీసులో ఉందా, ట్రెజరీలో ఉందా, ఏజెన్సీ దగ్గరే ఆగిందా? సూపర్‌వైజర్‌తో చెప్పించకుండా మీరే వెళ్లి చెప్పండి. "బిల్లు పదో తారీఖున పంపాం, ఇంకా పాస్ కాలేదు, శుక్రవారం మళ్లీ కనుక్కుని చెబుతా" అంటే చాలు. శుక్రవారం కొత్త కబురేమీ లేకపోయినా వెళ్లి ఆ మాటే చెప్పాలి. ఎక్కువమంది అధికారులు తప్పేది ఇక్కడే. చెప్పడానికి ఏమీ లేదు కదా అని వెళ్లరు. వెళ్లకపోతే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది.

2. పేర్లు నేర్చుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్ట్‌లో, కోత పెట్టబోయే ముందు చూసుకోవాల్సినవాటిలో ఒకటి: గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకున్నారా అన్నది. మర్యాద కోసం పెట్టింది కాదది. అత్యవసరంలో "ఎవరో ఒకరు పట్టుకోండి" అంటే ఎవరూ పట్టుకోరు. సిడ్నీలో రాబ్ హ్యాకెట్ అనే మత్తు డాక్టరు 2017లో తన ఆపరేషన్ టోపీ మీదే పేరు, హోదా రాసుకుని థియేటర్‌కి వచ్చాడు. నవ్వినవాళ్లు నవ్వారు, చాలా దేశాల్లో అనుసరించారు కూడా. అంతకు ముందు, 2013లో, బ్రిటన్‌లో కేట్ గ్రాంజర్ అనే వైద్యురాలు క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉండగా ఒకటి గమనించింది. తనని చూడటానికి వస్తున్నవాళ్లలో చాలామంది తమ పేరైనా చెప్పడం లేదు. ఆ గమనింపులోంచే పేరు చెప్పుకుని పలకరించే ఉద్యమం ఒకటి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రులంతటా పాకింది. ఆమె 2016లో కన్నుమూసింది.

మన వార్డుల్లో పరిస్థితి ఏమిటి? డాక్టర్‌కి పేరుంటుంది. నర్సుకి "సిస్టర్" ఉంటుంది. ఎఫ్‌ఎన్‌ఓ, ఎంఎన్‌ఓలకి (ఆడ, మగ నర్సింగ్ ఆర్డర్లీలకి) "ఆయమ్మా", "ఏయ్ బాబూ". ఊడ్చేవాళ్లకి అదీ లేదు. తెలంగాణలో 2023లో స్టాఫ్ నర్సుల హోదాను నర్సింగ్ ఆఫీసర్‌గా మార్చారు. వాళ్లు ఎన్నాళ్లగానో అడుగుతున్నది అది. మీ ఆస్పత్రి బోర్డుల మీద, డ్యూటీ చార్టుల మీద ఆ మార్పు జరిగిందో లేదో ఒకసారి చూసుకోండి.

రౌండ్స్‌కి వెళ్లేటప్పుడు ఒక్కో వారం ఒక్కో వార్డు పెట్టుకుని, అక్కడి అన్ని షిఫ్టులవాళ్ల పేర్లూ నేర్చుకోండి. మరిచిపోతే మళ్లీ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

3. పనిని పేరుపెట్టి చెప్పండి

రాత్రి రెండున్నర అనుకోండి. ప్రసవమైన తల్లికి రక్తస్రావం ఆగడం లేదు. రక్తం కావాలంది డ్యూటీ డాక్టరు. లిఫ్ట్ పనిచేయడం లేదు. ఎఫ్‌ఎన్‌ఓ శాంపిల్ ట్యూబు, రిక్వెస్ట్ ఫారం పట్టుకుని మెట్ల మీదుగా బ్లడ్ బ్యాంకుకి దిగింది. ఫారం మీద ఐపీ నంబరు ఒక అంకె తేడా ఉందని టెక్నీషియన్ వెనక్కి పంపబోతే, అక్కడి నుంచే లేబర్ రూమ్‌కి ఫోన్ కలిపి నర్సుతో మాట్లాడించింది. సరిచేసిన ఫారం కోసం ఒకసారి పైకి, రక్తం కోసం ఇంకోసారి కిందికి. తెల్లారేసరికి తల్లి గండం గట్టెక్కింది. కేస్ షీటులో డాక్టర్ సంతకం ఉంటుంది, నర్సు సంతకం ఉంటుంది. మెట్లెక్కి దిగిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

ఇప్పుడు ఆమెకి రెండు రకాలుగా చెప్పొచ్చు. "మీ సేవలు అమోఘం, ఇలాగే కొనసాగించండి" అనొచ్చు. ఈ మాట ఎవరికైనా చెప్పొచ్చు, ఎప్పుడైనా చెప్పొచ్చు, అందుకే ఎవరికీ తగలదు. లేదా ఇలా అనొచ్చు: "అమ్మా, మొన్న రాత్రి నంబరు తప్పుందని ఫారం వెనక్కి పంపుతుంటే మీరు అక్కడి నుంచే ఫోన్ చేయించారట. టైము కలిసొచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు, ఎల్లుండి డిశ్చార్జ్." ఈ రెండో మాటలో మెచ్చుకోలు ఎంతుందో సమాచారమూ అంతే ఉంది. తల్లి బతికిందన్న సంగతి చాలాసార్లు ఆ ఎఫ్‌ఎన్‌ఓకి ఎవరూ చెప్పరు. షిఫ్ట్ అయిపోయింది, బస్సెక్కి వెళ్లిపోయింది, అంతే.

ఆ మాట చెప్పిన రోజే లిఫ్ట్ మెకానిక్‌కి ఫోన్ చేయడం మరవకండి. అది బాగుపడకపోతే మీ మెచ్చుకోలు వెక్కిరింతలా వినబడుతుంది.

4. ఎంపిక మీ ఒక్కరి చేతిలో పెట్టుకోకండి

1999లో అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రిక్ బార్న్స్ అనే 33 ఏళ్ల యువకుడు రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బుతో చనిపోయాడు. వారాల తరబడి ఆస్పత్రిలో ఉన్న కుటుంబానికి నర్సుల ఓపిక గుర్తుండిపోయింది. ఆ కుటుంబం పెట్టిన డైసీ అవార్డు ఇప్పుడు చాలా దేశాల ఆస్పత్రుల్లో ఇస్తున్నారు. నర్సు పేరును రోగులు, వాళ్ల కుటుంబాలు కూడా పంపొచ్చు. పంపేవాళ్లు జరిగిన సంగతి రాయాలి. అవార్డు ఇచ్చే రోజు ఆ వార్డు అంతటికీ సినమన్ రోల్స్ పంచుతారు. తిండి సయించని ప్యాట్రిక్ ఒకరోజు ఆ రోల్ ఇష్టంగా తిని, మర్నాడు నర్సులకి కూడా తెమ్మని తండ్రిని అడిగాడట. మన దగ్గరైతే పునుగులో సమోసాలో తెప్పించండి, ఆ పద్ధతి మాత్రం పట్టుకోండి: పేరు ఒకరిది, ఫలహారం షిఫ్ట్ మొత్తానిది. అసూయ సగం అక్కడే తగ్గుతుంది.

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ పిల్లల ఆస్పత్రి 2014లో ఇంకో దారి తొక్కింది. తప్పు జరిగితే నింపే ఫారం ఎటూ ఉంది, బాగా జరిగిన పనికి ఫారం ఏదీ అని అడిగారు అక్కడివాళ్లు. తోటి ఉద్యోగి చేసిన మంచి పనిని ఎవరైనా రాసి పంపొచ్చు. అది ఆ వ్యక్తికీ చేరుతుంది, అందులోంచి మిగతావాళ్లు నేర్చుకునేదేమైనా ఉందా అని కూడా చూస్తారు. మన ఆస్పత్రుల్లో తప్పులకి మెమో ఉంది, చార్జ్ మెమో ఉంది, వివరణ అడిగే నోటీసు ఉంది. రెండో వైపు ఏముంది?

మొదలుపెట్టడం ఇలా. ఓపీ దగ్గర, డిశ్చార్జ్ అయ్యేచోట ఒక డబ్బా, పోస్టుకార్డంత కార్డులు పెట్టించండి. తెలుగులో, హైదరాబాద్ లాంటిచోట ఉర్దూలో కూడా. మూడే ప్రశ్నలు: ఎవరు, ఏ వార్డు, ఏం చేశారు. రాయడం రానివాళ్ల మాట హెల్ప్‌డెస్క్‌లో ఎవరైనా రాసుకోవాలి. డబ్బా తాళం మీ దగ్గరొకటి, నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరొకటి. ఫిర్యాదుల డబ్బాతో కలపకండి. కలిపితే సిబ్బంది ఆ డబ్బా ముందు బెడ్‌షీట్ల బండి అడ్డం పెట్టడం ఖాయం.

5. డబ్బు విషయంలో నియమాలు తెలుసుకోండి

సన్మానానికి తలా ఇంత చందా వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనకు ఆధారం 1964 నాటి నియమాలు. చందాలు, కానుకలు, బహిరంగ సన్మానాల మీద వాటిలో ఆంక్షలున్నాయి. అనుమతి తీసుకోకుండా మందుల కంపెనీ ప్రతినిధి ఖర్చుతో నర్సుల దినోత్సవం చేస్తే, ఆ ఫ్లెక్సీయే రేపు మీ ఫైల్లో సాక్ష్యమవుతుంది.

పద్ధతిగా వచ్చే డబ్బు వేరే ఉంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన కాయకల్ప అవార్డుల్లో, పరిశుభ్రతకు వచ్చిన నగదులో 75 శాతం ఆస్పత్రి సౌకర్యాలకు, 25 శాతం సిబ్బందికి ప్రోత్సాహకంగా వాడుకోవచ్చని మార్గదర్శకాలున్నాయి. అవార్డు నిజంగా ఎవరి చీపురు వల్ల వచ్చింది? ఆ పాతిక శాతం పంపకంలో ఏజెన్సీ కార్మికుల పేర్లు ఉన్నాయా? పంపకం జాబితాను ఆస్పత్రి సొసైటీ సమావేశంలో ఆమోదించి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ కాగితం పెట్టని ఆస్పత్రిలో వచ్చే ఏడాది తనిఖీ నాటికి ఎవరూ వంగి మూల ఊడ్వరు.

6. కబురు నైట్ షిఫ్ట్‌కి చేరిందా?

ఆస్పత్రి వార్త అనగానే మంత్రి పర్యటన, కొత్త స్కానింగ్ యంత్రం గుర్తొస్తాయి. లోపల పనిచేసేవాళ్లకి కావలసిన వార్తలు వేరే ఉంటాయి. ఏ మందు అయిపోయింది, ఏ వార్డు మారుతోంది, ఎవరి డిప్యుటేషన్ రద్దయింది, ఆక్సిజన్ లైన్ మరమ్మతు ఏ రోజు?

మందుల సంగతే దగ్గరగా చూద్దాం. పిల్లల సిరప్ ఒకటి నిండుకుందని ఫార్మసిస్టుకి మందుల నిల్వలు చూపే ఈ-ఔషధిలో కనబడుతోంది. ఓపీ గదిలో డాక్టరుకి తెలియదు, రాస్తూనే ఉన్నాడు. ఒళ్లు కాలుతున్న పిల్లాణ్ని చంకనేసుకుని తల్లి మందుల కౌంటర్ దగ్గర క్యూలో నిలబడింది. వంతు వచ్చాక "లేదమ్మా, బయట కొనుక్కో" అన్నారు. ఆమె తిరిగి ఓపీకి వచ్చింది. అక్కడ మళ్లీ క్యూ. మధ్యాహ్నానికి కౌంటర్ దగ్గర గొడవ, ఫార్మసిస్టు కాలర్ పట్టుకున్నారు. సాయంత్రం మీరు సెక్యూరిటీ పెంచడం గురించి సమావేశం పెట్టారు. అవసరమైనదల్లా ఉదయం ఓపీ మొదలుకాకముందు ప్రతి గదికీ ఒక చీటీ: ఇవాళ లేనివి ఇవి, వీటి బదులు ఉన్నవి ఇవి. ఈ చీటీ రాసే ఫార్మసిస్టు ఎవరో తెలుసుకుని, ఆయన పేరు కూడా మీ ఉదయపు నాలుగు మాటల్లో చేర్చండి.

ఏ నాలుగు మాటలు? నర్సింగ్ డ్యూటీలు మారే ప్రతిసారీ, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, పేషెంట్ల వివరాలు అప్పజెప్పుకునే ముందు ఒకే కాగితం చదవాలి. అందులో ఇవాళ్టి మార్పు ఒకటి, జాగ్రత్త ఒకటి, నిన్నటి మంచి పని ఒకటి, అడిగిన ప్రశ్నకి జవాబు ఒకటి. నిమిషం, నిమిషమున్నర. మీ చాంబర్‌లో పదకొండింటికి జరిగే సమావేశం రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్లకి ఎలా చేరుతుంది? ఊడ్చేవాళ్లలో చదవడం రానివాళ్లుంటే సూపర్‌వైజర్ చదివి వినిపించాలి.

ఇక వాట్సాప్. రాత్రి పదకొండుకి పీడీఎఫ్ పడుతుంది. దాని కింద "నోటెడ్ సార్", "ఓకే సార్", "థాంక్యూ సార్" బారు. మధ్యలో ఎవరిదో పెళ్లిరోజు, దానికి పూలగుత్తులు. పొద్దున లేచేసరికి అసలు కాగితం ఎక్కడో పైన ఉంటుంది. ఆదేశాలకి అడ్మిన్లు మాత్రమే రాయగల గ్రూపు విడిగా పెట్టండి. పీడీఎఫ్ పెట్టే ముందు అందులో ఏముందో తెలుగులో రెండు వాక్యాలు రాయండి. శుభాకాంక్షల గ్రూపును ముట్టుకోకండి, దానివల్ల నష్టమేమీ లేదు. అందరూ ఉన్న గ్రూపులో ఒకరిని మందలించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

7. చెడ్డ కబురు ముందు మీ నోటినుంచే రావాలి

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీకర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలి హత్య బయటపడింది. తెలుగు రాష్ట్రాల్లోనూ జూనియర్ డాక్టర్లు ఓపీలు ఆపారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి ఆగస్టు 20న జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. ఆ పది రోజుల్లో మీ ఆస్పత్రిలో నైట్ డ్యూటీకి వచ్చిన నర్సు ఏ గదిలో నిద్రపోవచ్చో, ఆ గదికి గడియ ఉందో లేదో ఎవరైనా వెళ్లి చూశారా? చూసి, ఆమెకి చెప్పారా?

దాడి, సూది గుచ్చుకోవడం, తోటి ఉద్యోగి మరణం, విచారణ కమిటీ... ఇలాంటివి జరిగినప్పుడు మూడు మాటలు సిద్ధం చేసుకోండి. మాకు తెలిసింది ఇది. ఇంకా తెలియనిది ఇది. మళ్లీ చెప్పేది ఫలానా వేళకి. సిబ్బందికి చెప్పాకే విలేకరులకి చెప్పండి, మధ్యలో అరగంట తేడా ఉన్నా చాలు. సొంత ఆస్పత్రి సంగతి టీ కొట్టు దగ్గర పేపర్లో చదువుకున్న ఉద్యోగి ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటనీ పూర్తిగా నమ్మడు.

8. ఫోటో తీసే ముందు వెనక్కి చూడండి

శాలువా కప్పుతుండగా తీసిన ఫోటోలో వెనక మంచం మీద ఎవరో పడుకుని ఉంటారు. ముఖం కనిపిస్తుంది, తల దగ్గర కేస్ షీటు కనిపిస్తుంది. అది హెచ్‌ఐవీ రోగిది అయితే 2017 చట్టం అడ్డొస్తుంది. లైంగిక దాడికి గురైన అమ్మాయిది అయితే గుర్తింపు బయటపెట్టడమే నేరం, చిన్నపిల్లలైతే పోక్సో చట్టం కూడా ఉంది. వార్డులో ఫోటోలు వద్దు. మెట్ల దగ్గరో, చెట్టు కిందో తీసుకోండి.

9. వెళ్లిపోయేవాళ్లకి కాగితం ఇవ్వండి

రెగ్యులర్ ఉద్యోగికి నెలాఖరున పదవీ విరమణ సభ జరుగుతుంది. తెలంగాణలో 61, ఆంధ్రలో 62 నిండాక దండ, ఉంగరం, కారులో ఇంటిదాకా సాగనంపడం. ఏజెన్సీ కింద ఏళ్ల తరబడి మార్చురీలోనో ఐసీయూలోనో పనిచేసిన మనిషికి ఆ రోజే రాదు. కాంట్రాక్టు మారుతుంది, చొక్కా రంగు మారుతుంది, ఒకరోజు గేటు దగ్గర రేపటినుంచి రావద్దంటారు.

వాళ్లకి మీరు ఇవ్వగలిగింది సేవా ధ్రువపత్రం. దాని విలువ తెలియాలంటే తెలంగాణలో 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకి వచ్చిన నోటిఫికేషన్ చూడండి. రాతపరీక్షకి 80 మార్కులు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకి 20 దాకా. గిరిజన ప్రాంతాల్లో ఆరునెలలకి రెండున్నర, మిగతాచోట్ల రెండు. ఆ పాయింట్లు రావాలంటే అధికారి సంతకంతో కాగితం కావాలి. పాత హాజరు పట్టీలు దొరక్క, సంతకం చేయాల్సినవారు బదిలీ అయి, ఒక ఆర్నెల్ల కాలం లెక్కకి రాకపోతే ఆ నర్సు జీవితంలో ఏం పోతుందో ఆలోచించండి.

కాబట్టి ఏజెన్సీ మారే ప్రతిసారీ, వాళ్లు అడక్కముందే, వార్డులవారీగా హాజరు పట్టీలు తీయించండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో, ఏ విభాగంలో అన్నది రాయించి సంతకం చేసి ముద్ర వేయండి. కరోనా వార్డులో చేసినవాళ్లైతే ఆ మాట విడిగా రాయండి. ఒక ప్రతి వాళ్లకి, ఒకటి ఆఫీసు ఫైల్లో. ఇచ్చేటప్పుడు క్లర్కు కిటికీలోంచి అందించకుండా, వాళ్ల షిఫ్ట్ మారే వేళకి వార్డుకే వెళ్లి ఇవ్వండి.